దీవెనమ్మ తర్జుమా

“దొరలొస్తాండారని వీధంతా చెప్పుకుంటి. ఇప్పుడు నా మొగం యాడ పెట్టుకునేది?”

లేయమ్మ గొంతు తగ్గించే మనిషి కాదు. కొళాయి పక్కన బోర్లించిన బిందె మీద కూర్చుని, ఇంట్లోకి రానంటే రానని మొండికేసింది. కొడుకు ఏసేపు ఆమె ముందు నిలబడి, లోపలికి వినపడుతుందని చేత్తో సైగ చేస్తున్నాడు.

“ఇనపడనీ. మన మాట వాండ్లకు అర్థమైతే కదా!”

“మాట అర్థం కాకపోయినా గొంతు అర్థమవుతుంది మా.”

“అయితే కానీ.”

చుట్టాలు వచ్చి గంట కూడా కాలేదు. ఒకరు పాస్టర్ కమావు, ఇంకొకరు ఆయన చెల్లెలు వంజిరు. ఆఫ్రికా ఖండంలోని కెన్యా దేశం వాళ్లది. కమలాపురం సంఘంతో కొన్నాళ్లు ఉండి, కలిసి ప్రార్థన చేసుకుని పోదామని వచ్చారు. చెన్నైలోని సేవా సంస్థ వాళ్లు ఫోన్‌లో ‘విదేశీ బృందం’ అని మాత్రం చెప్పారు. ఏ దేశమని పాస్టరుగా ఏసేపు అడగనూ లేదు, వాళ్లు చెప్పనూ లేదు. విదేశీయులంటే తెల్లవాళ్లేనని సంఘమంతా అనుకుంది.

లేయమ్మ బ్రెడ్డు, జామ్ సీసా తెప్పించింది. మంచాల మీద కొత్త దుప్పట్లు పరిపించింది. వీధిలో పిల్లలను వరసగా నిలబెట్టి ‘వెల్కం మేడం’ అనడం నేర్పింది. తీరా ఆటో దిగిన మనుషులను చూసి పిల్లలు నేర్చుకున్నది మరిచిపోయారు. నోళ్లు తెరుచుకుని నిలబడ్డారు. తర్వాత ఒక్కసారిగా మీదికి ఎగబడి, వంజిరు జడలు పట్టుకుని చూడడం మొదలుపెట్టారు. ఆమె నవ్వుతూ తల వంచి ఇచ్చింది. అదే చివరికి లేయమ్మకు తలకొట్టేసినట్టయింది.

సంఘపెద్ద గిడ్డయ్య తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ వచ్చాడు.

“అయ్యగారూ, కడపలో మంచి లాడ్జి ఉండాది. చుట్టాలను ఆడ పెడదాం. ఆదివారం తీసుకొచ్చి, మళ్ల ఇడిసి పెట్టొద్దాం.”

“ఏంటికి గిడ్డయ్యన్నా?”

“ఏంటికంటే... జనం ఏమనుకుంటారో సూడల్ల కదా.”

“తెల్లోళ్లు వచ్చింటే లాడ్జికి పంపుతాంటివా?”

గిడ్డయ్య తువ్వాలు ఈ భుజం మీది నుంచి ఆ భుజం మీదికి మార్చుకున్నాడు.

“మన తాతలను ఊరోళ్లు బావి మెట్టు ఎక్కనిచ్చినారా?” ఏసేపు మెల్లగా అడిగాడు. “మన వీధి ఊరి బయట ఏంటికుండాదో మర్చిపోయినామా అన్నా?”

లేయమ్మ తల తిప్పుకుంది. గిడ్డయ్య వచ్చిన దారినే వెళ్లిపోయాడు. లాడ్జి సంగతి మాత్రం ఎవరూ వద్దని గట్టిగా అనలేదు.

* * *

ఈ మాటలన్నీ వంటింటి కిటికీలోంచి దీవెనమ్మకు వినపడుతున్నాయి. ఏసేపు భార్యగా ఆమె ఈ పూట అందరికీ కావలసిన మనిషి. టీ కాచాలి, నీళ్లు తోడాలి, అత్తకు నచ్చచెప్పాలి. ఆమె అప్పుడే పొయ్యి మీది నుంచి పాలగిన్నె దించి గట్టు మీద పెట్టింది.

వెనక నుంచి ఎవరో వచ్చిన అలికిడి. వంజిరు. చెప్పులు ఎవరూ చెప్పకుండానే గడప బయట విప్పి వచ్చింది. పొడగరి. యాభైకి దగ్గరగా ఉంటాయి. ఊరికే కూర్చోవడం చేతకాని ఆడమనిషి వంటింట్లోకి వస్తే ఎలా చూస్తుందో అలా చుట్టూ చూసి, సాయం చేద్దామని చెయ్యి చాచి పాలగిన్నె పట్టుకోబోయింది.

“హార్! హార్!” దీవెనమ్మ అరిచింది.

వంజిరు చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

దీవెనమ్మ తన నోరు తానే మూసుకుంది. ‘కాలుతుంది’ అనాలి. ఇంగ్లీషులో ఏమనాలో తెలియదు. పరాయి మనిషిని హెచ్చరించాలనగానే ఎక్కడో అడుగున పడి ఉన్న అరబీ మాట దానంతటదే పైకొచ్చింది. ఆరేళ్లుగా ఆ భాషలో ఒక్క మాట ఆమె నోట రాలేదు.

వంజిరు ఆమె కళ్లలోకి చూసింది. తర్వాత అదే భాషలో, అంతే వచ్చీరాని అరబీలో అడిగింది.

“నువ్వు కువైట్‌లో పనిచేశావా?”

దీవెనమ్మ తలూపింది.

“నేను కూడా!” వంజిరు రెండు చేతులూ చరిచి గట్టిగా నవ్వింది. “ఇళ్లల్లో?”

“ఇళ్లల్లోనే. నువ్వు?”

“నేనూ అంతే. వంట, పిల్లలు, ఇస్త్రీ. అన్నీ.”

గోడ అవతల నుంచి పక్కింటి చాంద్ బేగం తల పైకి లేచింది. చుట్టాలను చూద్దామని పొద్దుటి నుంచీ ఆ గోడ దగ్గరే తిరుగుతోంది.

“ఏం దీవెనా, మా మసీదు బాస మీ వంటింట్లో ఇనపడ్తాందే!”

“అదేం లేదులే అక్కా.”

“లేదంటావేంది, ఇద్దరూ గలగలా మాట్లాడుకుంటాంటే! ఏమంటాందమ్మా ఆయమ్మ? వాండ్ల దేశంలో చీరలుండాయా అని అడుగు. ఆ జడలు ఎట్ల అల్లినారో అడుగు.”

కొళాయి దగ్గర మాటలు ఆగిపోయాయి. లేయమ్మ కిటికీ ముందుకొచ్చి నిలబడింది.

“అది కువైటు బాస కదా?”

దీవెనమ్మ పాలగిన్నె మీద మూత పెట్టింది.

“ఆరేండ్లుగా ఒక్క మాట కూడా రానట్లుంటివే! బాగా దాచిపెట్టినావు తల్లీ.”

అంత మాట అని లేయమ్మ వెళ్లిపోయింది. ఆ ఇంట్లో కువైట్ గురించి మాట్లాడడమంటే అంతవరకే. దీవెనమ్మ అక్కడ పనిచేసింది. కొన్నేళ్లు వారం వారం ఫోన్ చేసింది. ఆఖరి ఏడాది ఉన్నట్టుండి ఫోన్లు ఆగిపోయాయి. ఎక్కడుందో, ఎలా ఉందో ఎవరికీ తెలియలేదు. ఆమె మీద ఊళ్లో ఏవేవో మాటలు పుట్టాయి. ఒకరోజు చిక్కి సగమై, చేతిలో ఒక ప్లాస్టిక్ కవరుతో కడప బస్టాండులో దిగింది. ఏసేపు వెళ్లి తీసుకొచ్చాడు. “వచ్చినావు, అంతే చాలు” అన్నాడు. ఆ మాట మొదట్లో ఆమెకు ఓదార్పుగా ఉండేది. రానురాను అది మూసిన తలుపులా అనిపించింది. లేయమ్మ కూడా ఏమీ అడగలేదు. కానీ ఎప్పుడు పోట్లాట వచ్చినా ‘ఆ ఏడాది’ అని ఒక మాట విసిరేది. దానికి పైన మాట ఉండేది కాదు.

* * *

మరుసటి రోజు పొద్దున బ్రెడ్డు ముక్కలు కమావు మర్యాదగా తిన్నాడు. వంజిరు ఒక ముక్క కొరికి పక్కన పెట్టింది. ఆమె చూపంతా వెనక వసారాలో ఉంది. అక్కడ లేయమ్మ తన కోసం చేసుకున్న రాగిసంగటి ముద్ద పళ్లెంలో పెట్టుకుని తినబోతోంది.

వంజిరు లేచి వెళ్లి ఆమె ఎదుట గొంతుకూర్చుంది. ముద్దను వేలితో చూపించి “ఉగాలి!” అంది.

“ఏమంటాంది ఈయమ్మ?” లేయమ్మ పళ్లెం వెనక్కి లాక్కుంది.

దీవెనమ్మ అడిగి చెప్పింది. “వాండ్ల ఊర్లో కూడా ఇదే తింటారంట అత్తా. మనం సంగటి అంటాము, వాండ్లు ఉగాలి అంటారంట. ఎక్కువగా మొక్కజొన్న పిండితో చేస్తారంట. వాండ్లమ్మ మాత్రం రాగి పిండితోనే చేస్తాండెనంట.”

“అబద్ధం! ఆడ రాగులు యాడివి?”

“ఉండాయంట. వింబి అంటారంట.”

లేయమ్మ కాసేపు ఆ పొడగరి మనిషిని పైనుంచి కిందికి చూసింది. పరీక్ష పెట్టినట్టు చిన్న ముద్ద ఒకటి తీసి ఇంకో పళ్లెంలో వేసి, పక్కన చెనిగ్గింజలు నూరిన కారప్పచ్చడి, ఊరిబిండి వేసి ముందుకు తోసింది. వంజిరు మూడు వేళ్లతో సంగటి తుంచింది. అరచేతిలో గుండ్రంగా చేసింది. బొటనవేలితో మధ్యలో గుంట నొక్కి, ఆ గుంటతో ఊరిబిండి ఎత్తుకుని నోట్లో పెట్టుకుంది. నమలకుండా మింగింది.

“ఓయమ్మ!” లేయమ్మ చెయ్యి బుగ్గ మీదికి పోయింది. “ఎవురు నేర్పిన్యారు ఈయమ్మకు? మా నాయన అచ్చం ఇట్లే మింగుతాండె.”

కారానికి వంజిరు కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా ఇంకో ముద్ద తుంచింది.

అంతే, ఇక లేయమ్మ ప్రశ్నలకు అడ్డుకట్ట లేకపోయింది. వాండ్ల ఊర్లో వానలు పడతాయా? ఇసుర్రాయి ఉండాదా? బోరు ఎంత లోతు పోతే నీళ్లు పడతాయి? ఈ జడలు ఒక్కతే అల్లుకుంటుందా, ఎవరన్నా అల్లుతారా? నూనె పెడతారా? పండుకున్నప్పుడు నొప్పి పుట్టదా? దీవెనమ్మ ఒక్కొక్కటీ అరబీలోకి మార్చి, జవాబు తెలుగులోకి మార్చి చెబుతూనే ఉంది. బోరు అనే మాట అరబీలో రాక, నేలలోకి వేలు గుచ్చి చూపించింది. వంజిరు వెంటనే అర్థం చేసుకుంది. వాళ్ల ఊళ్లో కూడా బోర్లు ఎండిపోతున్నాయట.

“ఆడికి పోయినా ఇదే కథనా!” అంది లేయమ్మ. ఆ పూట లాడ్జి మాట ఆమె ఎత్తలేదు.

* * *

సాయంత్రం మందిరంలో చిన్న ప్రార్థన కూడిక జరిగింది. కడప నుంచి లెక్చరర్ రాజశేఖర్ తర్జుమా చేయడానికి వచ్చాడు. కమావు ఇంగ్లీషులో మాట్లాడిందంతా ఆయన చక్కగా చెప్పాడు. తర్వాత వంజిరు లేచి, తడుముకుంటూ ఇంగ్లీషులోనే చాలాసేపు మాట్లాడింది. రాజశేఖర్ ఇబ్బందిగా ఏసేపు వైపు చూసి, “సహోదరి గల్ఫ్ దేశంలో అనేక శ్రమలు పడ్డారు. దేవుడు కాపాడాడు,” అన్నాడు. సంఘం ఆమేన్ అంది. అయిపోయింది.

మర్నాడు మిద్దె మీద ఇద్దరూ ఉతికిన బట్టలు ఆరేస్తున్నారు. దుప్పటి రెండు కొసలూ చెరొకరు పట్టుకుని పిండుతుండగా వంజిరు అడిగింది.

“నేను నిన్న జైలు అన్నాను. ఆయన జైలు అని చెప్పాడా?”

దీవెనమ్మ అబద్ధం చెబుదామనుకుంది. కానీ తల అడ్డంగా ఊగింది.

“తాళం అన్నాను. కొట్టారు అన్నాను. అవి?”

“చెప్పలేదు.”

వంజిరు దుప్పటి దులిపి తీగ మీద వేసింది.

“రేపు ఆరాధనలో నేను మళ్లీ మాట్లాడతాను. నా మాట మగవాడి నోటితో వద్దు. నువ్వు చెప్పు.”

“నాకు చేతకాదు. నాది వంటింటి అరబీ.”

“నాదీ వంటింటి అరబీయే. అక్కడ నాకు జరిగిందంతా ఆ భాషలోనే జరిగింది.” ఆమె దగ్గరికొచ్చింది. “ఒకటే. ‘ఆమె అంటోంది’ అని చెప్పవద్దు. ‘నేను’ అనే చెప్పు. నేను ఎలా చెబితే అలాగే.”

దీవెనమ్మ బకెట్లో చెయ్యి పెట్టి, అడుగున ఏమీ లేకపోయినా వెతికింది.

“నువ్వు పనిచేసిన ఇల్లు మంచిదేనా?” వంజిరు అడిగింది.

“మంచిదే.”

“నేను కూడా మా అన్నతో అలాగే చెప్పాను. మూడేళ్లు చెప్పాను.”

మిగిలిన బట్టలు ఇద్దరూ ఆరేశారు.

* * *

“రాజశేఖర్ సార్ ఉండాడు కదా. నువ్వేంటికి?”

ఏసేపు రేపటి చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు. కాలరు మీద పెట్టెను అటూ ఇటూ తోస్తూ, భార్య వైపు చూడకుండా అడిగాడు.

“ఆయమ్మ అడిగింది.”

“అడిగితే? సంఘం ముందర నువ్వు మైకు పట్టుకొని కువైటు మాట ఎత్తితే...”

“ఎత్తితే?”

“ఏమనుకుంటారో నీకు తెల్దా?”

“గిడ్డయ్యన్న కూడా మొన్న ఈ మాటే అన్న్యాడు. జనం ఏమనుకుంటారో అని. ఆయప్పకు బో గట్టిగా జవాబు చెప్తివే!”

ఇస్త్రీపెట్టె ఆగింది.

“అది వేరే, ఇది వేరే.”

“ఎట్ల వేరే?”

“దీవెనా, నేను నిన్ను ఏమీ అడగలా. ఇన్నేండ్లలో ఒక్క మాట అడగలా. ఊరు ఎన్ని అన్న్యా, అమ్మ ఎన్ని అన్న్యా, నేను అడగలా. అది చాల్లేదా నీకు?” అన్నాడు.

“ఔను. నువ్వు అడగలా.”

ఆ మాట మెచ్చుకోలో, ఫిర్యాదో అతనికి అర్థం కాలేదు. ఆమె ముఖం చూస్తే తెలిసేదేమో. చూడలేదు. గుడ్డ మాడుతున్న వాసన వచ్చాక పెట్టె ఎత్తాడు.

“చెప్పేది ఆయమ్మ కథ,” దీవెనమ్మ గుమ్మం దగ్గర ఆగి అంది. “నేను నోరు అప్పిస్తాండా, అంతే.”

ఆ క్షణంలో ఆమె కూడా అంతేనని నమ్మింది.

* * *

ఆదివారం మందిరం నిండిపోయింది. చుట్టాలను చూడాలని పక్క ఊళ్ల సంఘాల వాళ్లూ వచ్చారు. వాకిట్లో చాంద్ బేగం, ఆమెతో పాటు ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు నిలబడ్డారు. వేదిక మీద కమావు, వంజిరు, ఏసేపు కుర్చీల్లో కూర్చున్నారు. మగవాళ్ల వైపు ముందు వరసలో గిడ్డయ్య. ఆడవాళ్ల వైపు చాప మీద, గోడకు ఆనుకుని లేయమ్మ.

వంజిరు నిలబడి అరబీలో మొదటి మాట అనగానే గుసగుస లేచింది. “ఇదేం బాస?” “ఇంగ్లీసు కాదే!” “అయ్యగారమ్మకు ఎట్ల అర్థమైతాంది?”

దీవెనమ్మ మైకు తీసుకుంది. “ఆమె...” అని ఆగింది.

“నేను మా ఇంటికి ఒక దారి చూపించాలని కువైట్‌కు పోయినాను. మొదటి ఇల్లు మంచిది. రెండో ఇల్లు మంచిది కాదు.”

వంజిరు ఒక వాక్యం చెప్పి ఆగుతోంది. దీవెనమ్మ ఒక వాక్యం చెబుతోంది.

“నా ఫోన్ తీసుకున్నారు. బయటికి పోకుండా తలుపుకు తాళం వేసినారు. ఇస్త్రీ సరిగా లేదని నన్ను కొట్టినారు. నేను మా వాళ్లకు బాగున్నానని చెప్పిందే ఆఖరి మాట.”

విసనకర్రలు ఆగాయి. ఎవరి ఒళ్లోనో పసిబిడ్డ కెక్కుమంది. తల్లి ఊరుకోబెట్టింది.

“ఒకరోజు వంటింటి తలుపు మరిచిపోయి వేయలేదు. నేను పరుగెత్తినాను. చెప్పులు లేవు. రోడ్డు కాలుతాండె. పోలీసులు పట్టుకున్నారు. పారిపోయినదాన్నని నామీదనే కేసు పెట్టినారు. జైల్లో వేసినారు.”

దీవెనమ్మ కళ్లు ఎవరినీ చూడడం లేదు. ఎదుటి గోడను చూస్తున్నాయి. ఆమె గొంతు ఇప్పుడు తడబడడం లేదు.

“జైల్లోంచి మన ఎంబసీ వాళ్లు తీసుకొచ్చి ఒక పెద్ద గదిలో పెట్టినారు. అందరూ ఆడోళ్లే. ఎప్పుడు ఇంటికి పంపుతారో తెల్దు. అడిగితే రేపు అనేవాళ్లు. ఫోన్ చేస్తామంటే వంతు వచ్చేది కాదు. వంతు వచ్చినపొద్దు నాకు ధైర్యం రాలేదు. ఏమని చెప్పేది? జైల్లో ఉంటినని చెప్పేదా? నా పక్కన పండుకునే పిల్ల రాయచోటిది. ‘అక్కా, ఇంటికి పోయినాక మనల్ని నమ్ముతారంటావా?’ అని అడుగుతాండె. నేను...”

“అమ్మగారూ.”

గిడ్డయ్య లేచి నిలబడ్డాడు. గొంతులో కోపం లేదు. తికమక ఉంది.

“ఆయమ్మ కూర్చొని శానా సేపయింది అమ్మగారూ. రాయచోటి పిల్ల అంటాండావు. ఎవురి సంగతి చెప్తాండావు?”

దీవెనమ్మ తిరిగి చూసింది. వంజిరు తన కుర్చీలో కూర్చుని ఉంది. ఎప్పుడు మాట్లాడడం ఆపేసిందో దీవెనమ్మకు తెలియదు. చేతులు ఒళ్లో పెట్టుకుని, తెలుగు ముక్క కూడా రాని ఆ మనిషి అంతా వింటున్నట్టే చూస్తోంది.

ఏసేపు కుర్చీలోంచి లేచాడు. నాలుగడుగుల్లో ఆమె దగ్గరికొచ్చి మైకు పట్టుకున్నాడు.

“చాలు దీవెనా. ఇంటికి పోయి మాట్లాడుకుందాం.”

“ఇంట్లో మనం మాట్లాడుకోము కదా,” అంది ఆమె. మైకు ఇద్దరి చేతుల మధ్య ఉండడంతో ఆ మాట మందిరమంతా వినపడింది.

ఆడవాళ్ల వైపు నుంచి లేయమ్మ గోడ పట్టుకుని లేచింది. మోకాళ్ల నొప్పితో నిలదొక్కుకోవడానికి కాసేపు పట్టింది.

“ఏసేపూ, పక్కకు రా.”

“మా, నువ్వు కూర్చో.”

“నేను కూర్చోను. ఆ ఏడాది గురించి ఈ వీధిలో అందరికంటే ఎక్కువ మాటలన్నది నేను. నేను అనింది తప్పైతే నాకు ఈడనే తెలియల్ల. తప్పు కాదంటే అదీ ఈడనే తెలియల్ల.” ఆమె కోడలి వైపు తిరిగింది. ఆ చూపులో జాలి ఉందో, అనుమానమే ఉందో దగ్గరున్న వాళ్లకు కూడా తెలియలేదు. “చెప్పుమే. మొదట్నుంచి చెప్పు. ఈ తూరి ఎవురి కథో చెప్పి మరీ చెప్పు.”

దీవెనమ్మ భర్త వైపు చూసింది.

ఏసేపు ఇంకా మైకు వదల్లేదు.